తుక్కుకి వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి

మన వర్క్‌షాప్ వెనక రేకుల షెడ్డులో ఒక మిల్లింగ్ మిషన్ ఉంది. ప్రతి ఆయుధపూజకీ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి దిష్టి తీస్తారు. మిగతా 364 రోజులూ దాని టేబుల్ మీద విరిగిన డ్రాయింగ్ స్టూళ్ళు పడేస్తారు. ఫస్టియర్‌లో ఫిట్టింగ్ ల్యాబ్‌కి వెళ్ళినప్పుడల్లా నేను కూడా నా బ్యాగు దాని హ్యాండిల్‌కే తగిలించేదాన్ని. అది హ్యాండిల్ అని కూడా తెలీదు, కొక్కెం అనుకున్నాను.

గత సెమిస్టర్‌లో స్టాక్ వెరిఫికేషన్ అయ్యాక కండెమ్ చేసే సామాన్ల జాబితా ఒకటి నోటీసు బోర్డులో పెట్టారు. ఇరవై సీలింగ్ ఫ్యాన్లకీ ఒక వాటర్ కూలర్‌కీ మధ్యలో "మిల్లింగ్ మెషీన్లు - 2, పనికిరానివి" అని ఉంది. ఆ చివరి మాట దగ్గరే నాకు చిక్కొచ్చింది. పనికిరావని ఎవరు చూశారు? ఏం చూసి చెప్పారు? కనుక్కుంటే తేలింది ఏమిటంటే ఎవరూ చూడలేదు. పైన తుప్పు కనిపించింది, స్విచ్ వేస్తే మోటారు తిరగలేదు, రాసేశారు. మూడేళ్ళుగా మనకి ఇన్‌స్పెక్షన్, మెట్రాలజీ అని పాఠాలు చెప్పిన చోట, రెండు టన్నుల యంత్రానికి తీర్పు కంటిచూపుతో అయిపోయింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. పాతదల్లా బంగారం అనే బాపతు కాదు నేను. "అప్పటి ఇనుము వేరు, ఇప్పటి సరుకు వేరు" అని నిట్టూర్చేవాళ్ళని చూస్తే నాకు విసుగు. ఆ జాబితాలోని రెండు మిషన్లలో ఒకటి తుక్కుకే పోవాలని నేనే చెప్తున్నాను. నా గొడవల్లా ఏది పోవాలో, ఏది ఉండాలో తేల్చే పద్ధతి గురించి.

పోవాల్సింది వర్టికల్ మిషన్. దాని కథ చిన్నది. ఎప్పుడో ఎవరో దాన్ని జరిపేటప్పుడు కింద పడేసినట్టున్నారు, శాడిల్ కాస్టింగ్ అడ్డంగా పగిలింది. పగులు మీద వెల్డింగ్ అతుకు. పోత ఇనుముకి వెల్డింగ్ చేస్తే ఆ వేడికి పక్కనున్న డవ్‌టెయిల్ వంగకుండా ఉండటం కష్టం, ఇక్కడ వంగింది కూడా. స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది. పోయిన గేరు కొత్తది కోయించుకోవచ్చు, కాలిన మోటారు చుట్టించుకోవచ్చు. అసలు ఒళ్ళే పగిలిన మిషన్‌కి ఏం చేస్తాం. దండం పెట్టి పంపేయడమే.

రెండోది హారిజాంటల్, యూనివర్సల్ రకం. నేమ్ ప్లేట్ మీది పెయింట్ గీకితే హెచ్‌ఎమ్‌టీ అని బయటపడింది. మా తాతయ్య చేతికి ఉండే వాచీ మీది అక్షరాలే! ఆ సంస్థ వాచీల కంటే ముందు యంత్రాలు చేసిందని నాకు అప్పటిదాకా తెలీదు. 1953లో బెంగళూరులో మొదలైంది లేతులతో. మిల్లింగ్ మిషన్లు హర్యానాలోని పింజోర్‌లో చేసేవాళ్ళు. మన హైదరాబాదులో హెచ్‌ఎమ్‌టీ నగర్ అని ఒక కాలనీ పేరు రోజూ వింటూనే ఉంటాం, ఆ పేరులోని ఎమ్‌టీ అంటే మెషీన్ టూల్స్ అని ఎంతమందికి తడుతుంది?

మేం నలుగురం, ముగ్గురు అబ్బాయిలూ నేనూ, హెచ్ఓడీ గారిని అడిగి రెండు వారాలు గడువు తీసుకున్నాం. మాకు గురువు వర్క్‌షాప్ మేస్త్రి గారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైర్ అవుతారు. ఆయుధపూజ నాడు ఆ మిషన్‌కి బొట్టు పెట్టేది ఆయనే. "పనికిరాని దానికి పూజ ఎందుకండీ?" అని మాలో ఒకడు నోరుజారితే, "పనికిరాదని నేను అన్నానా బాబూ, మీరన్నారు గానీ" అన్నారు.

మొదటి రోజు స్పిండిల్ చేత్తో తిప్పితే కదల్లేదు. మావాడు సుత్తి తీశాడు. మేస్త్రి గారు సుత్తి లాక్కుని, డీజిల్ డబ్బా చేతిలో పెట్టారు. గట్టిపడ్డ గ్రీజు, బిగుసుకున్న బేరింగు రెండూ బయటికి ఒకేలా ఉంటాయట. నాలుగు రోజులు పూట పూటా డీజిల్ పోశాం. ఐదో రోజు పొద్దున చెక్కముక్క అడ్డంపెట్టి నెడితే, కిర్రుమని ఒక్క శబ్దం చేసి, తర్వాత వెన్నలా తిరిగింది. ఆ రోజు మేం సుత్తి వాడి ఉంటే ఇంత రాసే అవసరం ఉండేది కాదు.

తుప్పు గురించి ఆయన చెప్పిన మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "తుప్పు రెండు రకాలమ్మా. పూసింది, తిన్నది." పూసిన తుప్పు నూనె వేసి ఆయిల్ స్టోన్‌తో రుద్దితే పోతుంది, కింద లోహం నల్లగా మరకపడి ఉంటుంది తప్ప నున్నగానే ఉంటుంది. తిన్న తుప్పు గుంటలు చేస్తుంది. గోరుతో గీస్తే తగుల్తుంది. మా మిషన్ టేబుల్ పైభాగం అంతా పూసిన తుప్పే. ఒక మూల మాత్రం, వాన నీళ్ళు కారిన చోట, తిన్నది. ఇక టేబుల్ మీద డ్రిల్ బిట్ దిగిన గుంటలు లెక్కపెడితే పదిహేడు. అవి పూర్వవిద్యార్థుల సంతకాలు. చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి గానీ పనికి అడ్డం కావు, ఎందుకంటే వైస్ కూర్చునేది గుంట మీద కాదు, చుట్టూ ఉన్న చదును మీద.

అసలు అరుగుదల కంటికి కనిపించని చోట ఉంటుంది. టేబుల్ కింద జారే పట్టాల మీద. ఫ్యాక్టరీలో ఆ పట్టాలని చేత్తో స్క్రేపింగ్ చేస్తారు, ఆ గుర్తులు చేప పొలుసుల్లా ఉంటాయి. మా మిషన్‌లో టేబుల్‌ని ఒక చివరికి తోసి కింద తుడిచి చూస్తే, అంచుల్లో పొలుసులు చెక్కుచెదరకుండా ఉన్నాయి, మధ్యకి వచ్చేసరికి మాయం. ఎందుకంటే ఏ కాలేజీలోనైనా జాబ్ పెట్టేది టేబుల్ మధ్యలోనే కదా. దీన్ని కొలవడానికి తేలికైన ఉపాయం ఒకటి ఉంది. టేబుల్ మధ్యలో ఉన్నప్పుడు గిబ్‌ని బిగువుగా సరిచేసి, తర్వాత చివరికి తిప్పాలి. చివర్లో పట్టేసి కదలనంటే, మధ్య అంత అరిగిందన్నమాట. మాది చివరి నాలుగంగుళాల్లో బిగుసుకుంది, కానీ కదిలింది. మేస్త్రి గారు పెదవి విరవలేదు, నవ్వనూ లేదు. "వాడొచ్చు" అన్నారు.

(మధ్యలో ఒక సాహితీ సమస్య. టేబుల్‌నీ శాడిల్‌నీ మోస్తూ పైకీ కిందకీ కదిలే భాగాన్ని ఇంగ్లీషులో మోకాలు అనే అంటారు. రిపోర్టులో దాన్ని తెలుగు అక్షరాల్లో 'నీ' అని రాస్తే మా లిటరరీ క్లబ్ ఎడిటర్ "నీ స్క్రూ అరిగింది అంటే ఎవరి స్క్రూ?" అని అడిగాడు. అందుకని ఈ వ్యాసంలో అది మోకాలే.)

బ్యాక్‌లాష్ కొలవడం నాకు బాగా నచ్చింది. హ్యాండిల్‌ని ఒక వైపు తిప్పుతూ టేబుల్ కదిలాక ఆపి, డయల్ సున్నా చేసి, వెనక్కి తిప్పాలి. టేబుల్ మళ్ళీ కదలడం మొదలెట్టేదాకా హ్యాండిల్ ఎంత ఊరికే తిరిగిందో అదే బ్యాక్‌లాష్. మధ్యలో 0.9 మి.మీ. వచ్చింది. వినగానే భయం వేసింది. చివర్లో కొలిస్తే 0.35. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే అసలు కబురు ఉంది. నట్టు ఎక్కడికెళ్ళినా అదే నట్టు, దాని అరుగుదల అన్ని చోట్లా ఒకటే. స్క్రూ మాత్రం మధ్యలో ఎక్కువ వాడారు కాబట్టి మధ్యలోనే అరుగుతుంది. అంటే కొత్త గన్‌మెటల్ నట్టు వేయిస్తే పోయేది మహా అయితే ఆ 0.35. మిగతా 0.55 స్క్రూది, అది స్క్రూ మారిస్తేనే పోతుంది. ఈ లెక్క వేయకుండా "నట్టు మార్చేద్దాం, అంతా సరి" అనుకుని ఉంటే డబ్బులు పోసి మోసపోయేవాళ్ళం.

మరి 0.55 ఉంటే పని జరుగుతుందా? జరుగుతుంది. అప్ మిల్లింగ్, డౌన్ మిల్లింగ్ అని రెండు బొమ్మలు వేసి తేడాలు రాయమని మనందరికీ పరీక్షలో వచ్చింది. డౌన్ మిల్లింగ్‌లో కటర్ జాబ్‌ని తన వైపే లాక్కుంటుంది. స్క్రూలో సందు ఉంటే టేబుల్ ఆ సందు మేరకు ముందుకి దూకుతుంది, ఆర్బర్ వంగుతుంది, కటర్ పళ్ళు ఎగురుతాయి. అప్ మిల్లింగ్‌లో కటర్ ఎదురు తోస్తుంది కాబట్టి ఆ సందు ఎప్పుడూ ఒకే వైపు మూసుకుని ఉంటుంది. కాబట్టి ఈ మిషన్ మీద డౌన్ మిల్లింగ్ నిషేధం, కొలతకి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రావాలి. అంతే. మోకాలి నొప్పి ఉన్న పెద్దాయన మెట్లు ఎక్కనంటాడు గానీ నడవనని అనడు కదా.

స్పిండిల్ టేపర్‌లో టెస్ట్ మాండ్రెల్ పెట్టి డయల్ గేజ్‌తో చూశాం. ముక్కు దగ్గర 0.015, 300 మి.మీ. దూరంలో 0.035. కొత్త మిషన్‌కి ఈ రెండు చోట్లా 0.01, 0.02 దాకా సాధారణంగా ఒప్పుకుంటారు. కొత్తది కాదు, కానీ దూరం కూడా కాదు. గేర్‌బాక్స్ నూనె మాత్రం పాలు కలిపిన టీలా వచ్చింది, నీళ్ళు చేరాయి. అడుగున అయస్కాంతం తిప్పితే ఇనప రజను కొంచెం, పళ్ళ ముక్కలు సున్నా. స్పీడ్ గేర్లన్నీ ఒక్కొక్కటీ వేసి చేత్తో తిప్పి లెక్కపెట్టాం, ఏదీ బోసినోరు కాదు.

స్టోర్‌రూమ్‌లో గోనెసంచి విప్పితే డివైడింగ్ హెడ్ దొరికింది! మూడు ఇండెక్స్ ప్లేట్లలో రెండున్నాయి, మూడోది లేదు. 40ని పళ్ళ సంఖ్యతో భాగించడం మనకి ఐదు మార్కుల ప్రశ్న. 27 పళ్ళ గేరుకి ఒక పూర్తి చుట్టూ, 27 రంధ్రాల వృత్తంలో 13 రంధ్రాలూ. ఇది నేను మూడుసార్లు పరీక్షలో రాశాను. ఆ రంధ్రాలని చేత్తో తాకడం మొదటిసారి. మూడో ప్లేటు లేదు కాబట్టి సింపుల్ ఇండెక్సింగ్‌లో 37 పళ్ళ గేరు కోయలేం. ఎవరికైనా 37 పళ్ళే కావాలంటే మమ్మల్ని అడక్కండి.

ఇక డబ్బు. తుక్కు కొనేవాళ్ళని అడిగితే పోత ఇనుము కిలో 30 దగ్గర చెప్పారు. రెండు టన్నులకి 60,000. బాగుచేయడానికి మేం వేసిన లెక్కలో మోటారు చుట్టించడం 6,500, బెల్టులు 1,400, నూనెలూ కిరసనాయిలూ 5,200, సీళ్ళూ చిన్న బేరింగులూ 3,400, గన్‌మెటల్ నట్టు 4,500, మొత్తం 21,000. రిపోర్టులో మావాళ్ళు 21,000 మాత్రమే రాద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. కాలేజీ వదులుకునే 60,000 కూడా ఖర్చే కదా, 81,000 అని రాశాం. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిదే నడుస్తున్నది కావాలంటే మేం అడిగిన ఇద్దరూ రెండున్నర లక్షల దగ్గర మాట మొదలుపెట్టారు.

లెక్క తేలిపోయింది అనుకుని ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మా నాన్నకి లేతు షాపు ఉంది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, బయట బోర్డు. ఇలాంటి విషయంలో నాకు ఆయన మాటే సుప్రీంకోర్టు. అంతా విని ఒక్క మాట అన్నారు:

"వద్దమ్మా."

నేను అంకెలన్నీ మళ్ళీ చదివాను.

"అంకెలు బాగానే ఉన్నాయి. గంటలు ఎక్కడ వేశావు?"

నిజమే. నలుగురం, వారానికి నాలుగు గంటలు, పన్నెండు వారాలు. 192 గంటలు. ఎక్కడా రాయలేదు.

"ఆ గంటల్లో నేనైతే బయటి జాబులు చేసుకుంటాను. మిషను బాగుచేయడం పెద్ద విద్య కాదురా తల్లీ. బాగయ్యాక దానికి పని దొరకాలి. పని లేని మిషను మళ్ళీ తుప్పే పడుతుంది. మన వీధిలో మీ బాబాయి షేపింగ్ మిషను కొని, బాగుచేసి, రంగేసి, నాలుగేళ్ళు పెట్టుకుని అమ్మేశాడు, గుర్తుందా?"

గుర్తుంది. ఆకుపచ్చ రంగు. చిన్నప్పుడు దాని పక్కనే దాగుడుమూతలు ఆడుకున్నాం. అది నడవగా నేను చూసింది మూడోనాలుగోసార్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన చెప్పింది తప్పు కాదు. రెండు రోజులు ఆలోచించాక నాకు తట్టింది ఏమిటంటే, నాన్న తన షాపు గురించి చెప్పారు. అక్కడ గంట అంటే కూలి. కాలేజీలో ఆ గంటలకి మనమే ఎదురు ఫీజు కడుతున్నాం! ఆ 192 గంటలు మాకు ఖర్చు కాదు, మేం కొనుక్కున్న సరుకు. సెకండ్ హ్యాండ్ షాపులో రెండున్నర లక్షలు పెట్టి మిషన్ కొంటే మిషన్ వస్తుంది గానీ ఆ గంటలు రావు. అదే మిషన్, అదే అరుగుదల, అవే అంకెలు. నాన్న షాపుకి వద్దు, మన వర్క్‌షాప్‌కి కావాలి. "ఈ మిషన్ బాగుచేయొచ్చా?" అని అడిగితే సగం ప్రశ్నే. ఎవరికి, దేనికి అన్నది మిగతా సగం.

కానీ ఆయన రెండో మాట, పని దొరకాలి అన్నది, దానికి మాత్రం తప్పించుకునే దారి లేదు. అందుకని పని వెతికాం. మన గో-కార్ట్ టీమ్ వాళ్ళు యాక్సిల్ షాఫ్ట్ కీవేలకి ప్రతి ఏడాదీ బయటికి వెళ్తున్నారు. వాళ్ళ షాఫ్ట్ 25 మి.మీ., దానికి 8 మి.మీ. కీ. కీవే వెడల్పులో ఒప్పుకునే తేడా, ఎన్9 ఫిట్‌కి, 36 మైక్రాన్లు. మన మిషన్ కొంచెం నడుం నొప్పితోనైనా అందుకోగలదు. కైనమాటిక్స్ ల్యాబ్‌లో గేర్ ట్రెయిన్ మోడల్ ఒకటి పన్ను విరిగి రెండేళ్ళుగా మూల కూర్చుంది. థర్డియర్ ప్రొడక్షన్ ల్యాబ్‌లో మిల్లింగ్ ప్రయోగం ఇప్పుడు "డెమో", అంటే సర్ బోర్డు మీద బొమ్మ గీస్తారు, మనం రికార్డులో ఎక్కించుకుంటాం. ఈ మూడూ చాలు అనుకుంటున్నాను. చాలకపోతే నాన్నే గెలిచినట్టు.

"సీఎన్‌సీ రోజుల్లో ఇదెందుకు" అన్న ప్రశ్న క్లాసులో చాలామంది అడిగారు. మన ల్యాబ్‌లో ఒక సీఎన్‌సీ ట్రైనర్ ఉంది, అద్దాల పెట్టెలో మైనం కోస్తుంది. నాకు దానిమీద కోపం లేదు. ప్రోగ్రామ్ రాయడం దానిమీదే నేర్చుకున్నాను. కానీ కటర్ ఉక్కుని కొరికినప్పుడు హ్యాండిల్‌లోంచి మణికట్టుకి ఏం తెలుస్తుందో అది చెప్పదు. స్పీడ్ చాలదు అని ఇంకొకరు అన్నారు. 100 మి.మీ. హెచ్ఎస్ఎస్ కటర్‌తో మామూలు ఉక్కుని నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయాలంటే స్పిండిల్ తిరగాల్సింది నిమిషానికి 80 చుట్లు. ఈ మిషన్‌కి అది నిద్రలో నడక. ఇంతకీ యూనివర్సల్ మిల్లింగ్ మిషన్ అనేదే ఇలాంటి విసుగులోంచి పుట్టింది. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1862లో దాన్ని తయారుచేసింది డ్రిల్ బిట్ల మీద ఉండే మెలి గాళ్ళు కోయడానికి. అంతకుముందు వాటిని ఆకురాయితో చేత్తో రాకేవాళ్ళు. మన ఫస్టియర్ ఫిట్టింగ్ ల్యాబ్‌లో ఒక వీ-గాడి రాకినవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో అదృష్టం, కటర్లకి సాన పట్టే మిషన్ మనకి ఉంది, అదీ నడుస్తోంది. ప్రాగా టూల్స్‌ది. సికింద్రాబాదులో 1943లో మొదలైన కంపెనీ. కాబట్టి మొద్దుబారిన కటర్లు కొత్తవి కొనక్కర్లేదు.

రిపోర్టు ఇచ్చాం. కమిటీలో ఒకాయన "తుప్పు పోతుందా?" అని అడిగారు, ఇంకొకాయన "రంగు ఏం వేస్తారు?" అని అడిగారు. బ్యాక్‌లాష్ పేజీ ఎవరూ తిప్పలేదు. అయినా వేలం జాబితాలోంచి ఒక మిషన్ తీశారు, ఒక సెమిస్టర్ గడువు. సెమిస్టర్ చివరికి అది కమిటీ ముందు కీవే కోయాలి, లేదంటే వచ్చే వేలంలో పోతుంది. షరతు న్యాయంగానే ఉందని నా అభిప్రాయం. వర్టికల్ మిషన్ మొన్న మంగళవారం లారీ ఎక్కింది. మేస్త్రి గారు దగ్గరుండి ఎక్కించారు. దాని వైస్ మాత్రం ముందే విప్పి మాకు ఇచ్చారు.

ఇప్పటికి మోటారు చుట్టించాం. నట్టు ఇంకా పోత పోయలేదు. పోయిన శనివారం చేత్తో ఫీడ్ ఇస్తూ మొదటి కోత కోశాం, ఉక్కు దిమ్మ మీద, 200 మి.మీ. పొడవు. చదునులో తేడా 0.04 వచ్చింది. ఫినిష్ మాత్రం దారుణం, సముద్రం అలల్లా ఉంది, ఎందుకంటే నా చెయ్యి ఒకే వేగంతో తిరగదు. ఫోటో తీసి నాన్నకి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంట తర్వాత జవాబు వచ్చింది: "ఆర్బర్ సపోర్ట్ కటర్‌కి ఇంకా దగ్గరికి జరుపు."

వచ్చే శనివారం ఫీడ్ గేర్‌బాక్స్ మూత తీస్తున్నాం. మొత్తంలో మాకు భయం ఉన్నది దానికే, ఎందుకంటే ఫీడ్ లీవర్ ఒకటి ఎటు వేసినా తటస్థంగానే ఉంటోంది. మధ్యాహ్నం రెండింటికి మొదలు. ఏ బ్రాంచ్ వాళ్ళైనా రావచ్చు, ఒక పాత చొక్కా వేసుకుని, ఒక మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి. షెడ్డులో ఫ్యాన్ లేదు, వేలంలో పోయిన ఇరవైలో అదీ ఒకటి.